పాత కాటా ప్రోగ్రాం కొత్త విండోస్‌లో నడవాలంటే

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు రైస్ మిల్లుల్లోనూ, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లోనూ పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి ప్రోగ్రాములు ఇంకా రోజూ పనిచేస్తున్నాయి. లారీ కాటా ఎక్కగానే బరువు పట్టుకుని చీటీ కొట్టేది ఒకటి, వడ్ల కొనుగోలు లెక్క రాసేది ఇంకొకటి. రాసిచ్చిన కుర్రాడు ఎప్పుడో హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయి ఉంటాడు. కంప్యూటర్ పాడైతే షాపువాళ్లు విండోస్ 11 ఉన్న కొత్త సీపీయూ పంపిస్తారు. అందులో పాత ప్రోగ్రాం తెరుచుకోదు. "నిన్నటిదాకా బాగానే ఉందన్నా, ఇవాళ ఏందో తీసుకోవడంలా" అని కాటా గుమాస్తా ఫోన్ చేస్తాడు. అప్పటికే గేటు బయట లారీలు నిలబడిపోయి ఉంటాయి.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని చెప్పడం తేలికే. కానీ నెల్లూరు వైపు వడ్ల బేరం పుట్టి లెక్కన జరుగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. రైతుతో మాట పుట్టికి, కాటా చూపించేది కిలోల్లో, ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు. మధ్యలో తేమకు, తాలుకు కోత ఉంటుంది. ఈ మూడు లెక్కలనూ కలిపే పద్ధతి ఆ పాత ప్రోగ్రాంలో ఉంది, బజార్లో దొరికే ప్యాకేజీలో ఉండదు. అందుకే దాన్ని కాపాడుకోవడం మొండితనం కాదని నేను గట్టిగా నమ్ముతాను. కాకపోతే పని ఒక వరసలో చేయాలి. వరస తప్పితే ప్రోగ్రాం నడిచినా డేటా పోవచ్చు.

పాత మెషిన్‌ను ఎవరికీ ఇవ్వకముందు

పాత సీపీయూ ఆన్ అవుతున్నంతకాలం దాన్ని ఎక్స్చేంజికి ఇవ్వకండి, ఫార్మాట్ చేయనివ్వకండి. ముందు ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని, ఒక్క ఫైల్ కూడా వదలకుండా, రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేయండి. డేటా ఫైలు ఒక్కటే చాలనుకోవద్దు. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ భాషలో రాసిన ప్రోగ్రాం అయితే, డేటా ఉండే డీబీఎఫ్ ఫైళ్లతో పాటు అదే పేరుతో ఎఫ్‌పీటీ (పొడుగు నోట్సు ఉండేవి), సీడీఎక్స్ (ఇండెక్సు) ఫైళ్లు ఉండొచ్చు. ఎఫ్‌పీటీ లేకపోతే ఆ టేబుల్ అసలు తెరుచుకోకపోవచ్చు. విజువల్ బేసిక్‌లో రాసినదైతే సాధారణంగా ఎండీబీ అనే యాక్సెస్ ఫైల్ ఒకటి ఉంటుంది. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, ఫైళ్ల సైజులు పాతవాటితో సరిపోయాయో లేదో చూడండి.

మెషిన్ ఆన్ కాకపోతే కంగారు పడొద్దు. చాలాసార్లు పోయేది కరెంటు అందించే ఎస్ఎంపీఎస్సో మదర్‌బోర్డో, హార్డ్ డిస్క్ బాగానే ఉంటుంది. దాన్ని ఊడదీసి యూఎస్‌బీ కన్వర్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోవచ్చు. పాత మెషిన్‌లో విండోస్ 7 ఉండి బాగా నడుస్తుంటే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ప్రోగ్రాంతో డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైలుగా తీసి పెట్టుకోండి. తర్వాత ఏదీ కుదరకపోతే అదే పనికొస్తుంది.

ఆ తర్వాత ఫోన్‌తో ఫొటోలు తీయండి. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ ప్రాపర్టీస్, ప్రోగ్రాం సెట్టింగుల స్క్రీన్, అందులో ఉన్న కామ్ పోర్ట్ (కాటా వైరు తగిలే చోటు) నంబరు, బాడ్ రేటు (డేటా వచ్చే వేగం), ప్యారిటీ (డేటాలో తప్పులు పట్టే సెట్టింగు), ప్రింటర్ పేరు, తేదీ కనిపించే తీరు అన్నీ ఫొటోలో పడాలి. సీపీయూ వెనక ఏ కేబుల్ ఎక్కడ తగిలి ఉందో కూడా తీయండి. ఈ ఫొటోలు లేకపోవడం వల్లే అరగంట పని రెండు రోజులు పడుతుంది.

అది ఏ రకం ప్రోగ్రామో తెలుసుకోండి

నల్ల తెర మీద అక్షరాలతో నడిచి, మౌస్‌తో పని లేనిదైతే అది డాస్ ప్రోగ్రాం అయి ఉంటుంది. డాస్ ప్రోగ్రాములు, విండోస్ 3.1 కాలం నాటి 16 బిట్ ప్రోగ్రాములు ఇప్పటి కంప్యూటర్లలో ఉండే 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు. 32 బిట్ విండోస్‌లో వాటిని నడిపించే ఎన్‌టీవీడీఎం అనే భాగం ఉండేది. ప్రాసెసర్ 64 బిట్ పద్ధతిలో ఉన్నప్పుడు ఆ భాగం ఆధారపడ్డ వసతి దొరకదు కాబట్టి 64 బిట్ విండోస్‌లో దాన్ని పెట్టలేదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. కాబట్టి ఈ ప్రోగ్రాములకు కంపాటిబిలిటీ ట్యాబులో ఎన్ని టిక్కులు మార్చినా లాభం లేదు.

మామూలు బటన్లు, మెనూలు ఉన్న విండోస్ 98, ఎక్స్‌పీ కాలం ప్రోగ్రాం అయితే అది దాదాపు ఎప్పుడూ 32 బిట్టే. దీనికి విండోస్ 11లో ఇంకా చోటుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ప్రోగ్రాం 32 బిట్ అయినా, దాని సీడీలోని సెటప్ 16 బిట్‌ది అయి ఉండొచ్చు. సెటప్ నడవలేదని ప్రోగ్రాం పనికిరాదనుకుంటారు చాలామంది. పాత మెషిన్‌లోని ఫోల్డర్‌ను కొత్తదాంట్లో పెట్టి నేరుగా డబుల్ క్లిక్ చేసి చూడండి. చాలా చిన్న ప్రోగ్రాములు అలాగే లేచి కూర్చుంటాయి.

32 బిట్ కాటా ప్రోగ్రాంను నడపడం

ప్రోగ్రాం ఫోల్డర్‌ను ప్రోగ్రాం ఫైల్స్‌లో పెట్టకండి. సి డ్రైవ్‌లో నేరుగా కాటా అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. పాత ప్రోగ్రాములు డేటాను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. విండోస్ విస్టా నుంచి ప్రోగ్రాం ఫైల్స్‌లో మామూలు యూజర్ రాయడానికి వీల్లేదు. రాయబోతే విండోస్ ఎర్రర్ చూపించకుండా, ఆ ఫైలును యూజర్ పేరు మీదున్న యాప్‌డేటా, లోకల్ ఫోల్డర్ల లోపల వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. తెర మీద అంతా సవ్యంగానే ఉంటుంది. మీరు మాత్రం ప్రోగ్రాం ఫైల్స్‌లోని ఫైలునే బ్యాకప్ తీస్తుంటారు, అందులో ఇన్‌స్టాల్ చేసిన రోజు నాటి డేటా తప్ప ఏమీ ఉండదు. ఇంకో గుమాస్తా తన లాగిన్‌తో తెరిస్తే నిన్నటి చీటీలు కనబడవు. ఇప్పటికే అలా ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఈ పూటే వర్చువల్‌స్టోర్‌లో వెతకండి, అసలు డేటా అక్కడ ఉండొచ్చు.

ఇప్పుడు ఈఎక్స్ఈ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరవండి. మొదట ఏమీ మార్చకుండా నడిపి చూడండి. నడవకపోతే విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకోండి. అక్షరాలు మసకగానో, బటన్లు తెర బయటికి వెళ్లిపోయో కనిపిస్తే అక్కడే ఉన్న హై డీపీఐ సెట్టింగ్ మార్చండి. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ టిక్కును చివరికి వదిలేయండి. అది పెట్టగానే కొన్ని సమస్యలు మాయమవుతాయి గానీ, రోజూ గుమాస్తా చేతిలో ఉండే ప్రోగ్రాంకు అంత అధికారం ఇవ్వడం మంచిది కాదు. ఫోల్డర్ సి డ్రైవ్‌లో సరిగ్గా పెట్టి, ఆ యూజర్‌కు రాసే అనుమతి ఇస్తే సాధారణంగా దాని అవసరం రాదు.

తర్వాత వచ్చే ఎర్రర్ చాలావరకు ఒక ఓసీఎక్స్ ఫైల్ (ప్రోగ్రాం వాడుకునే విడి భాగం) పేరుతో ఉంటుంది. కాటా ప్రోగ్రాముల్లో అది ఎక్కువగా ఎంఎస్‌కామ్32. కామ్ పోర్ట్ నుంచి బరువు చదివే భాగం అదే. విజువల్ బేసిక్ 6కు కావలసిన మూల ఫైళ్లు విండోస్‌తోనే వస్తాయి, ఈ ఓసీఎక్స్‌లు మాత్రం రావు. పాత మెషిన్ సిస్టమ్32 ఫోల్డర్ నుంచి ఆ ఫైలును తీసుకొచ్చి కొత్త మెషిన్‌లో సిస్‌వావ్64 ఫోల్డర్‌లో వేయండి. పేర్లు తికమకగా ఉంటాయి కాబట్టి జాగ్రత్త. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనేది 64 బిట్ ఫైళ్లకు, సిస్‌వావ్64 అనేది 32 బిట్ ఫైళ్లకు. ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సిస్‌వావ్64 ఫోల్డర్‌లోకి వెళ్లి, రెజ్‌ఎస్‌వీఆర్32 అని కొట్టి ఖాళీ వదిలి ఆ ఓసీఎక్స్ పేరు కొట్టండి. సక్సీడెడ్ అని వస్తే పని అయినట్టే. ఇలాంటి ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఏదో సైట్ నుంచి దించుకోవద్దు, వైరస్ తెచ్చుకునే దారి అది. డాట్‌నెట్ 3.5 కావాలని అడిగితే మాత్రం కంట్రోల్ ప్యానెల్‌లోని విండోస్ ఫీచర్స్ జాబితాలో టిక్ పెట్టండి చాలు.

బరువు రాకపోతే

ప్రోగ్రాం తెరుచుకుంటుంది, బరువు మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. ఇక్కడే ఎక్కువమందికి టెన్షన్ మొదలవుతుంది. ఒక్కటి ముందే చెప్తాను. బరువు అంకెలు చూపించే కాటా ఇండికేటర్ డబ్బా మీద తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది. తేడా కంప్యూటర్ వైపు ఉన్నప్పుడు ఇండికేటర్‌ను విప్పాల్సిన పనే లేదు, ఎవరినీ విప్పనివ్వకండి.

కొత్త సీపీయూల్లో చాలావాటికి వెనకవైపు తొమ్మిది పిన్నుల కామ్ పోర్ట్ ఉండటం లేదు. అందుకని యూఎస్‌బీ కన్వర్టర్ పెడతారు. చవక కన్వర్టర్లలో పాత ప్రొలిఫిక్ చిప్ గానీ దాని నకలు గానీ ఉంటుంది. డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ కింద చూడండి. పసుపు త్రికోణం ఉండి, పీఎల్2303హెచ్ఎక్స్ఏ 2012 నుంచి ఆగిపోయింది, అమ్మినవాళ్లను సంప్రదించండి అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట డివైస్ పేరులోనే రాసి ఉంటుంది. అది కనబడితే ఆ కన్వర్టర్‌తో కుస్తీ పట్టొద్దు. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది కొనండి. రోజుకు వందల లారీలు ఎక్కే కాటా అయితే మదర్‌బోర్డులోకి గుచ్చే సీరియల్ కార్డు ఇంకా నమ్మకం, ఎవరి కాలో తగిలి ఊడిపోదు.

పోర్ట్ కనిపించాక దాని నంబరు చూడండి. కొత్త కన్వర్టర్‌కు విండోస్ కామ్ 7 అనో కామ్ 11 అనో ఇస్తుంది. పాత ప్రోగ్రాం లిస్టులో కామ్ 1 నుంచి 4 వరకే ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్ట్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్డ్ లోకి వెళ్లి నంబరును పాత మెషిన్‌లో ఉన్నదానికే మార్చండి. కన్వర్టర్‌ను ఎప్పుడూ అదే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి, మారిస్తే నంబరు కూడా మారిపోవచ్చు.

తేడా కేబుల్‌లో ఉందో ప్రోగ్రాంలో ఉందో తేల్చడానికి పుట్టీ (PuTTY) అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో సీరియల్ ఎంచుకుని, ఆ కామ్ నంబరు, ఫొటోలో ఉన్న బాడ్ రేటు ఇచ్చి తెరవండి. కాటా మీదికి ఒక బండిని ఎక్కించండి. తెర మీద అంకెలు వరసగా జారుతూ, బండితో పాటు పెరుగుతుంటే లైను బాగున్నట్టు. పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటో ప్యారిటీయో తప్పు, 2400 బదులు 9600 అని ఉందేమో చూడండి. ఏమీ రాకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. పాత కేబులే వాడండి, ఎందుకంటే 2, 3 పిన్నులు తిప్పి కట్టినదీ నేరుగా కట్టినదీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. కొన్ని ఇండికేటర్లు అడిగితేనే బరువు పంపుతాయి, కాబట్టి కేబుల్ బాగుండి కూడా ఖాళీ తెర ఉంటే ఇండికేటర్ పుస్తకంలో ఆ విషయం చూడండి. చూడటం అయ్యాక పుట్టీని మూసేయండి. ఒక పోర్ట్‌ను ఒకసారి ఒక ప్రోగ్రామే వాడగలదు, అది తెరిచి ఉంటే కాటా ప్రోగ్రాంకు పోర్ట్ దొరకదు.

తేదీ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. కొత్త విండోస్‌లో రీజియన్ అమెరికాది ఉంటే ఏప్రిల్ 3వ తేదీ చీటీ మార్చి 4గా నమోదు కావచ్చు. పదమూడో తేదీ నుంచి మళ్లీ మామూలుగా వస్తుంది కాబట్టి ఎవరూ కనిపెట్టరు, నెలాఖరుకు లెక్క కలవదు. కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్‌లో షార్ట్ డేట్‌ను పాత మెషిన్ ఫొటోలో ఉన్నట్టే పెట్టండి. రోజు 12 లోపు ఉన్న తేదీతో ఒక చీటీ కొట్టి రిపోర్టులో సరిచూడండి.

చీటీలు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇప్పుడు యూఎస్‌బీదే అయినా, పాత ప్రోగ్రాం మాత్రం పాతకాలం ప్రింటర్ పోర్ట్ అయిన ఎల్‌పీటీ1కే పంపుతుంది. ప్రింటర్‌ను జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్‌తో వేసి, షేర్ చేసి, నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1ను ఆ షేర్ పేరుకు కలపండి. చివర పర్సిస్టెంట్ యెస్ అని పెడితే రీస్టార్ట్ తర్వాత కూడా నిలుస్తుంది. ప్రోగ్రాంను అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతుంటే ఈ కలపడం దానికి కనబడకపోవచ్చు. ఆ టిక్కు వద్దనడానికి ఇదీ ఒక కారణం.

డాస్ ప్రోగ్రాం అయితే

డాస్‌బాక్స్ పేరు అందరూ చెప్తారు గానీ అది ఆటల కోసం తయారైంది. లెక్కల ప్రోగ్రాంకు వీడాస్ గానీ డాస్‌బాక్స్ ఎక్స్ గానీ మేలు. రెండింటిలోనూ ప్రింటింగ్‌కు ఏర్పాటు ఉంది. వీడాస్‌ను ఇలాంటి ఆఫీసు ప్రోగ్రాముల కోసమే చేశారు, ఫాక్స్‌ప్రోలోనో, అలాంటిదే అయిన క్లిప్పర్‌లోనో రాసిన లెక్కలకు నేను ముందు దాన్నే చూడమంటాను. ఫోల్డర్ల పేర్లు ఎనిమిది అక్షరాలు దాటకుండా, మధ్యలో ఖాళీ లేకుండా ఉంచండి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఎంట్రీ చేసే పద్ధతి ఉంటే, రెండు కంప్యూటర్లలో ఒకే బిల్లును తెరిచి, రెండోవాళ్లను ప్రోగ్రాం ఆపుతోందో లేదో కచ్చితంగా పరీక్షించండి. ఆపకపోతే ఎంట్రీని ఒక్క కంప్యూటర్‌కే పరిమితం చేయండి, లేకపోతే ఇండెక్సులు చెడిపోతాయి.

ఏదీ కుదరకపోతే వర్చువల్ మెషిన్

వర్చువల్ మెషిన్ అంటే కొత్త కంప్యూటర్ లోపల ఒక ప్రోగ్రాంలా నడిచే ఇంకో కంప్యూటర్. డాంగిల్ (లైసెన్సు తాళంగా తగిలించే చిన్న పరికరం) ఉన్న ప్రోగ్రాములకు, ఎక్స్‌పీ కాలం డ్రైవర్ అడిగేవాటికి ఇదే దారి. విండోస్ 11లోని మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ పాత డ్రైవర్లను ఆపేస్తుంది. డాంగిల్ కోసం దాన్ని తీసేయమని ఎవరైనా చెప్తే ఒప్పుకోవద్దు. వర్చువల్ మెషిన్ నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాం వేసి, అందులో మీ పాత సీపీయూ మీద స్టిక్కర్ ఉన్న ఎక్స్‌పీని పెట్టుకోండి. దానికి ఒక జీబీ ర్యామ్ చాలు. యూఎస్‌బీ డాంగిల్‌ను, కామ్ పోర్ట్‌ను లోపలి విండోస్‌కు అప్పగించే సెట్టింగులు వర్చువల్‌బాక్స్‌లో ఉన్నాయి. అంతా నడిచిన రోజున ఒక స్నాప్‌షాట్ (అదే స్థితికి వెనక్కి రావడానికి దాచే నకలు) తీసి పెట్టండి.

లోపలి ఎక్స్‌పీకి నెట్‌వర్క్ మాత్రం ఇవ్వకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సాయం 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై ప్రపంచమంతా పాకింది ఎస్ఎంబీ1 అనే పాత షేరింగ్ పద్ధతిలోని లోపం ద్వారానే. పాత మెషిన్ షేర్ కనబడడం లేదని కొత్త విండోస్‌లో ఆ ఎస్ఎంబీ1ను మళ్లీ ఆన్ చేసే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది, దాని జోలికి పోకండి. ఫైళ్లు మార్చుకోవడానికి వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్ ఉంది.

డీటీపీ షాపుల వాళ్లకు

ఒంగోలు, నెల్లూరు డీటీపీ షాపుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, అను అనే పాత తెలుగు ఫాంట్లతో చేసిన శుభలేఖలు, కరపత్రాల ఫైళ్లు ఏళ్ల తరబడి పేరుకుని ఉన్నాయి. కొత్త విండోస్‌లో ఫాంట్లు కనబడకపోవడానికి చాలాసార్లు కారణం చిన్నది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఫాంట్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ కొడితే అది ఆ ఒక్క యూజర్‌కే పడుతుంది, పాత ప్రోగ్రాములు దాన్ని చూడలేకపోవచ్చు. ఫాంట్ మీద రైట్ క్లిక్ చేసి, యూజర్లందరికీ ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. రీజియన్ సెట్టింగుల్లో నాన్ యూనికోడ్ ప్రోగ్రాముల కింద యూటీఎఫ్8 బీటా అనే టిక్కు ఉంటే తీసేయండి. అది ఉంటే పాత ఫాంట్ల అక్షరాలు గల్లంతవుతాయి.

నడిచిన తర్వాత

పాత లెక్కలు బయటికి తీసే పని కూడా ఇప్పుడే పెట్టుకోండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ప్రోగ్రాం రేపు మొరాయించినా లెక్క చూపించగలగాలి. డీబీఎఫ్ ఫైళ్లు లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో నేరుగా తెరుచుకుంటాయి. తెరిచేది మాత్రం కాపీనే, అసలు ఫైలును కాదు. నెలకొకసారి అలా తెరిచి మామూలు షీట్‌గా సేవ్ చేసి, ఒక కాపీ మిల్లు బయట, ఇంట్లోనో ఆడిటర్ దగ్గరో ఉంచండి.

ఎండీబీ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటే ఇక్కడ ఆగిపోతారు. కాబట్టి ప్రోగ్రాం రాసిన మనిషి ఫోన్ నంబరు ఇంకా మీ దగ్గర ఉంటే ఈ వారమే మాట్లాడండి. డేటాబేస్ పాస్‌వర్డ్ అడగండి. ప్రోగ్రాం అసలు రాత ఉండే ఫైళ్లు, అంటే విజువల్ బేసిక్ అయితే వీబీపీ, ఎఫ్ఆర్ఎం ఫైళ్లు, ఫాక్స్‌ప్రో అయితే పీఆర్జీ ఫైళ్లు ఆయన పాత సీడీల్లో ఏమైనా మిగిలాయేమో అడగండి. దానికి తగిన డబ్బు ఇచ్చి తీసుకోండి. పుట్టి లెక్క, తేమ కోత ఎలా వేశాడో ఆ ఫైళ్లలో రాసి ఉంటుంది. రేపు ఎవరితోనైనా కొత్త ప్రోగ్రాం రాయించుకుంటే వాళ్ల చేతికి ముందు ఇవ్వాల్సినవి అవే.